మూడో మాడ్యూల్

కొత్త సర్వర్ మూడోసారి కూడా లేవలేదు.

తెర మీద ఎర్రగా పడిన వరసలను ఇందుమతి కింది నుంచి పైకి చదివింది. ప్రోగ్రాంలు రాసే భాష పైథాన్ ఎంత గోల పెట్టినా అసలు సంగతి చెప్పేది ఆఖరి వరసలోనే. మొదటిసారి, ‘శ్వాస అనే మాడ్యూల్ కనబడలేదు’ అంది. మాడ్యూల్ అంటే ప్రోగ్రాంలో ఒక విడి ఫైలు, అది కనబడకపోవడం పెద్ద విషయం కాదు. మనం చేత్తో నడిపితే ప్రోగ్రాం తన ఫోల్డర్‌లోంచి బయలుదేరుతుంది. వెబ్ సర్వర్ నడిపితే ఇంకెక్కడి నుంచో బయలుదేరి, తన పక్కనున్న ఫైళ్ళనే ఎరగనట్టు మాట్లాడుతుంది. ఇందుమతి దారి రాసిచ్చింది. రెండోసారి, లెక్కలు చేసే లైబ్రరీ ఒకటి లేదంది. హడావుడిలో ఆమె దాన్ని తన ఖాతాలో ఎక్కించింది గాని సర్వర్ వాడుకునే చోట ఎక్కించలేదు. అదీ సరిచేసింది. బస్సు టికెట్ల వెబ్‌సైట్లు రాసే రోజుల్లో ఇలాంటివాటిని టీ చల్లారేలోపు తేల్చి పక్కన పడేసేది.

మూడోది చదివాక మాత్రం ఆమె చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

‘శాంతిని ఇంపోర్ట్ చేయలేను, లోపలికి తెచ్చుకోలేను. దానికి కావలసిన శ్వాస ఇంకా సగమే లేచింది.’

"ఫణీ! ఇలా రా ఒకసారి."

పక్క గదిలో పాత సర్వర్‌కి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డ ఫణీంద్ర, గుమ్మంలోంచి తల మాత్రం బయటికి పెట్టాడు. ఆ ల్యాబ్‌లో ప్రోగ్రాంలు రాసేది వాళ్ళిద్దరే. ఫణీంద్ర చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయి ఉంది.

"దీన్ని వదిలి రమ్మంటావా ఇందక్కా? ఏసీ కాలిపోయిన దగ్గర్నుంచి ఇది పొయ్యిలా ఉంది. ఒకసారి కునికిపాటు కూడా పడింది."

"శాంతి ఫైలు నువ్వే రాశావు కదా. దాని నెత్తి మీద ఏం రాశావు?"

"శ్వాసని ఇంపోర్ట్ చేయమని. ఏం?"

"నేను శ్వాస నెత్తి మీద శాంతిని ఇంపోర్ట్ చేయమని రాశాను."

ఫణీంద్ర ఫ్యాన్ కింద పెట్టేశాడు. మెల్లిగా వచ్చి తెర వైపు చూశాడు.

"రెండు గదులకి తాళాలు వేసి, దీని చెవి అందులో, దాని చెవి ఇందులో పెట్టాం," అంది ఇందుమతి.

"మరి రెండేళ్ళుగా ఎలా నడుస్తోంది?"

"ఒక్కసారి కూడా ఆపలేదు గనక."

నిజమే. ఆ ల్యాబ్‌లో అదొక నోము. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌కి కూతవేటు దూరంలో, మేడ మీద నాలుగు గదుల పరిశోధనశాల అది. చూడ్డానికి వచ్చిన పెద్దలందరికీ, "ఈ సర్వర్ పెట్టిన రోజు నుంచి ఆగలేదండీ" అని గొప్పగా చెప్పేవారు. కొత్తగా ఏది రాసినా, ఇంట్లో మనుషులు ఉండగానే గోడలు లేపినట్టు, నడుస్తున్న ప్రోగ్రాంలోనే ఎక్కించేవారు. మొదట శ్వాస ఒక్కటే లేచింది. అది నడుస్తుండగా ఫణీంద్ర శాంతిని తెచ్చి పక్కన కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఇందుమతి శ్వాసలో శాంతిని పిలిచే వరస ఒకటి కలిపింది. రెండూ అప్పటికే మేలుకుని ఉన్నాయి కాబట్టి దేనికీ ఇబ్బంది లేకపోయింది. రెండూ ఒకేసారి నిద్ర లేవాల్సి వస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. అట్టపెట్టెలోనే పడి ఉన్న కొత్త సర్వర్‌ని తెరవడానికి నెలల తరబడి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఇవాళ పొద్దున ఏసీ తగలబడి, ధైర్యంతో పని లేకుండా చేసింది.

"పాతది ఎంతసేపు ఉంటుంది?" అంది ఇందుమతి.

"ఉన్నంతసేపు."

ఆమె ఫోన్ తీసింది. ముందు మొగుడికి చేసింది. తర్వాత ఆడపడుచుకి.

శ్వాస ఆమె భర్త గౌరునాయుడి ఊపిరి. శాంతి అతని అక్క నీలమ్మ ప్రాణం.

*

గౌరునాయుడు పోర్టులో క్రేను నడిపేవాడు. ఒక రోజు క్రేను మీద ఉండగానే తల వెనకాల సన్నని నరం చిట్లింది. మనిషి బతికాడు. నడిచాడు, మాట్లాడాడు, ఉల్లిపాయ పకోడీలు అడిగాడు. కాని అడగకుండానే ఊపిరి తీసే చోటు ఒకటి మెదడులో ఉంటుంది, అది చచ్చిపోయింది. మేలుకుని ఉన్నంతసేపూ తనే గుర్తుపెట్టుకుని గాలి పీల్చాలి. మనసు మాటల్లో పడితే మొహం నల్లబడేది. కన్ను మూస్తే ఊపిరి ఆగేది.

అప్పుడే డాక్టర్ భ్రమరాంబ ‘జోడు’ని కనిపెట్టింది. చెవి వెనకాల చర్మం కింద గోరంత చిప్. ఒక మనిషి మెదడులో పాటకి తాళం వేసినట్టు నడిచే లయని, ఆ తాళాన్ని, అది ఎప్పటికప్పుడు సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ దాన్ని సాపుచేసి, ఆ తాళం పోగొట్టుకున్న ఇంకో మనిషికి అందిస్తుంది. రికార్డింగ్ పనికిరాదు, అవతల బతికున్న మనిషి ఉండాలి. గౌరునాయుడికి సరిపడే తాళం నీలమ్మలో దొరికింది. సొంత అక్క.

నీలమ్మ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. బోటు ఓనర్లు ఆమెను చూసి బీడీ ఆర్పేసేవాళ్ళు. అలాంటి మనిషిని చిన్నప్పటి నుంచి మూర్ఛ వదల్లేదు. నాలుగేళ్ళుగా మందులకి లొంగడమూ మానేసింది. ఆఖరిసారి వచ్చిన ఫిట్స్ ఆగకుండా వచ్చి, ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడేశాయి. ఇంకోసారి అలా వస్తే తిరిగి రాదన్నారు. తమ్ముడికి జోడు పెట్టాక డాక్టర్ భ్రమరాంబ ఒక విచిత్రం గమనించింది. అతని ఊపిరి కుదుటపడ్డప్పుడు మెదడులో లేచే నెమ్మదైన అల, అక్కకి అందిస్తే ఆమె ఫిట్స్‌ని అణుస్తోంది. అలా శాంతి పుట్టింది. అక్క ఊపిరి తమ్ముడికి, తమ్ముడి నిమ్మళం అక్కకి.

ఆ తర్వాత ఇంట్లో జరిగినవి చెప్పుకుంటే నవ్వొచ్చేవే. నీలమ్మ ఐసు ఫ్యాక్టరీ మెట్లెక్కుతుంటే ఇక్కడ టీవీ ముందు కూర్చున్న గౌరునాయుడు ఎగపోసేవాడు. "అప్పా, మెల్లిగెక్కు" అని ఫోన్ చేసేవాడు. అతను భోంచేసి కునుకు తీస్తే, అక్కడ బోటు ఓనరుతో తగువు మధ్యలో ఆమెకి ఆవులింతలొచ్చేవి. "ఒరే, నాను బేరమాడే టైములో నువ్వు పడుకోకురా, ఆడు నన్ను సులకనగా సూస్తన్నాడు" అని తిట్టేది.

ఇందుమతి నవ్వేది. నవ్వుతూనే, వాళ్ళిద్దరి మధ్యా ఒక తాడుందని, తను ఆ తాడుకి కాపలా మనిషినని అనుకునేది. అది ఎవరితోనూ అన్న మాట కాదు.

*

మేడ మెట్ల మీద గోనెపట్టాలు ఈడ్చుతున్న చప్పుడైంది. ముందు ఐసు దిమ్మ వచ్చింది, దాని వెనక నీలమ్మ వచ్చింది. ఫ్యాక్టరీ ట్రాలీ ఆటోలో నాలుగు దిమ్మలు వేయించుకుని, కూలీల చేత మోయించుకుని వచ్చింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి ఉన్నాయి.

"ఎక్కడే ఇందూ ఆ పెట్టి? బేగి సూపించు. సేపలు కుళ్ళకుండా సూసినదాన్ని, ఓ పెట్టి సల్లబరచలేనేటి?"

"వదినా, నువ్వు కూర్చో. నీకు శ్రమ కూడదు."

"కూకుంటే పనవుతాదా? ఒరే బాబూ, ఆ ఫ్యాను ఐసు ఎనకాల ఎట్టు. ముందు కాదురా, ఎనకాల! ఇంజనీరువేటి నువ్వు?"

ఫణీంద్ర ఫ్యాను మార్చాడు. చల్లటి, చేపవాసన గాలి పాత సర్వర్ మొహానికి తగిలింది. దాని వేడి చూపించే అంకె కొంచెం దిగి ఆగింది. అంతకన్నా దిగలేదు.

అప్పటికే గౌరునాయుడు సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా డాక్టర్ భ్రమరాంబ, పొట్టి జుట్టు, మెడలో స్టెతస్కోపు, చేతిలో ట్యాబ్. కింద అంబులెన్స్ ఇంజన్ ఆపకుండా నిలబెట్టించింది.

"ఇందుమతీ, సూటిగా చెప్పు. కొత్తది లేస్తుందా, లేవదా?"

"లేపగలను మేడమ్. శ్వాస నెత్తి మీది వరసని కిందికి జరిపి, అవసరమైనప్పుడే శాంతిని పిలవమంటే ఎర్రర్ పోతుంది. లేదా శాంతిలో ఆ పని చేసినా పోతుంది. అది రెండు నిమిషాల పని."

"మరి ఆలోచిస్తావేం?"

"ప్రోగ్రాం లేస్తుంది. మనుషులు లేవరు."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఇందుమతి నీలమ్మకీ అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించింది. చిప్ ఒక్క సర్వర్ మాటే వింటుంది. పాతది ఆగితేనే కొత్తది అందుకుంటుంది. ఆ మధ్యలో ఇద్దరికీ ఏమీ అందదు. ముందు శ్వాస లేస్తే, శాంతి లేని నీలమ్మ మెదడులోంచి తాళం తీసుకోవాలి. అప్పటికే ఫిట్స్ మొదలైతే ఆ అదురంతా గౌరునాయుడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు శాంతి లేస్తే, ఊపిరి తాళం లేని గౌరునాయుడిలో నిమ్మళం కోసం వెతుకుతుంది. దొరకదు.

"కింద అంబులెన్స్‌లో వెంటిలేటర్ ఉంది కదా?" అన్నాడు ఫణీంద్ర.

"దానికి మత్తివ్వాలి," అంది డాక్టర్. "మత్తిస్తే ఇతని అల చదునైపోతుంది. ఇతను బతుకుతాడు. ఆవిడ..."

నీలమ్మ చేతులు చీరకి తుడుచుకుంది.

"ఇందులో ఆలోసించేదేటుంది? ఆడికి ముందెట్టండి. మిసనే ఎట్టండి. నాకు ఫిట్సు కొత్తేటి?"

"అప్పా, నువ్వూరుకో," అన్నాడు గౌరునాయుడు. మాటకీ మాటకీ మధ్య గాలి పీలుస్తున్నాడు. పాత సర్వర్ తడబడుతోందని ఆ పీల్పులోనే తెలుస్తోంది. "నేను మెలకువగా ఉండి పీల్చుకుంటాను. అలవాటే. ముందు నీకు పెడతారు."

"ఎంతసేపు పీలుస్తావురా? రెండు మాటలాడితే మరిసిపోతావు."

"మాటాడను."

"నువ్వా? మాటాడకుండానా? నీ పెల్లిలో పంతులు గారినే మాటాడనివ్వలేదు!"

"అప్పా!"

"సాల్లే. సిన్నప్పుడు నిన్ను సంకనేసుకుని తిరిగినదాన్ని. నా మాట ఇను."

"నువ్వే ముందు."

"నువ్వే."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కొట్లాడుకుంటుంటే ఇందుమతికి తెర మీది ఎర్ర వరసే గుర్తొచ్చింది. అది కొంత నయం. అక్కడ ఎవరూ ఏడవడం లేదు.

పక్క గదిలో పాత సర్వర్ ఒక్కసారి మూలిగింది. గౌరునాయుడు మాట మధ్యలో నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. నీలమ్మ ఎడమచెయ్యి వేళ్ళు ముడుచుకున్నాయి. అంతలో మళ్ళీ సర్దుకుంది. ఇద్దరూ ఏమీ జరగనట్టు కూర్చున్నారు.

*

"మూడోది కావాలి," అంది ఇందుమతి.

"మూడో ఏంటి?"

"మూడో మాడ్యూల్, మేడమ్. రెండు ఫైళ్ళు ఒకదాని మీద ఒకటి పడి లేవలేనప్పుడు, రెండింటికీ కావలసినదాన్ని విడిగా తీసి మూడో ఫైలులో పెట్టాలి. అది ఎవరి మీదా ఆధారపడకూడదు. ముందు అది లేస్తుంది. దాన్ని పట్టుకుని ఈ రెండూ లేస్తాయి. ఆ తర్వాత ఒకదాన్నొకటి పట్టుకుంటాయి."

"అంటే ఇంకో మెదడు. సరిపడేదాన్ని వెతికి, నేర్పి, సిద్ధం చేయాలంటే నెలలు పడుతుంది."

"సిద్ధంగా ఒకటి ఉంది. నాది."

డాక్టర్ కళ్ళు చిన్నవయ్యాయి. కొత్తగా రాసిన ప్రతి మార్పునీ ముందు ఇందుమతి తన తలకే సెన్సర్ల పట్టీ కట్టుకుని పరీక్షించేది. తాళం తీసుకునేవాళ్ళకే చిప్ కావాలి, ఇచ్చేవాళ్ళకి తల పట్టీ చాలు. అలా చేయొద్దని డాక్టర్ రెండుసార్లు తిట్టింది. అయినా ఆమె మానలేదు. అందుకే ఇందుమతి తాళం మొత్తం సర్వర్‌కి తెలుసు.

"నీ తాళం గౌరునాయుడికి పూర్తిగా సరిపడదు."

"పూర్తిగా అక్కర్లేదు. రెండూ లేచేదాకా."

"అది కాదమ్మాయ్. పట్టీ పెట్టుకో, చూపిస్తాను."

ఇందుమతి పట్టీ బిగించుకుంది. డాక్టర్ ట్యాబ్ ఆమె ముందు పెట్టింది. తెర మీద గీత ముళ్ళకంచెలా ఎగిరెగిరి పడుతోంది.

"ఇదీ నువ్వు. ఈ క్షణం. జోడుకి బతికున్న తాళం కావాలి, నిన్నటిది పనికిరాదు. ఇలాంటిది ఆవిడ మెదడులోకి వదిలితే ఫిట్స్ మనమే తెప్పించినట్టు. ఇతనికి ఊపిరి బదులు వెక్కిళ్ళు వస్తాయి. ఈ గీత నెమ్మదైన అలలా రావాలి. నిమ్మళంగా ఉండగలవా? ఇప్పుడు?"

ఇందుమతి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ముందు ఫైలు రాసింది. అది ఆమెకి సులువైన పని. మూడో మాడ్యూల్‌కి ‘ఆధారం’ అని పేరు పెట్టింది. దాని నెత్తి మీద ఎవరినీ పిలవలేదు. శ్వాసలోంచీ శాంతిలోంచీ ఒకరినొకరు పిలుచుకునే వరసల్ని కిందికి దింపింది. రెండింటి నెత్తి మీదా ఆధారాన్ని రాసింది. పరీక్షకి నడిపింది. ఎర్రటిదేమీ రాలేదు.

అది చూసి ఫణీంద్ర, "వచ్చింది!" అన్నాడు. ట్యాబ్ మీది గీత మాత్రం ఇంకా ఎగిరిపడుతూనే ఉంది. రాస్తున్నప్పుడు కాస్త తగ్గింది, రాయడం అయిపోగానే మళ్ళీ లేచింది. డాక్టర్ అది గమనించింది.

ఇందుమతి కళ్ళు మూసుకుంది. నెమ్మదిగా ఊపిరి పీల్చింది. ఆ పీల్పుకే భర్త పీల్పు వినబడింది. గీత ఇంకా పైకెగిరింది.

"ఒలే, నీకు కాఫీ కావాలేటి?" అంది నీలమ్మ.

"వద్దు వదినా."

"బయపడకే. అయితే ఏటవుద్ది? పోతాం. పోతే..."

"వదినా, దయచేసి ఓదార్చకు!"

పాత సర్వర్ ఈసారి మూలగలేదు. బీప్‌మంది. ఫణీంద్ర పరుగెత్తి ఐసు ముక్కలు దాని పక్కన పళ్ళెంలో కుమ్మరించాడు. అంకె దిగలేదు. "ఇందక్కా, ఇక ఉండదు!" అని కేకేశాడు.

"ఫణీ, ఇటు రా," అంది డాక్టర్. గొంతు తగ్గించింది. "ఆమె రాస్తున్నప్పుడు గీత దిగింది. ఆమెకి పని ఇవ్వు."

"ఏం పని? పని అయిపోయింది కదా మేడమ్."

"ఏదో ఒకటి. చిన్నది. దీనితో సంబంధం లేనిది."

ఫణీంద్ర తల గోక్కున్నాడు. తన సొంత ల్యాప్‌టాప్ బ్యాగులోంచి తీసి ఇందుమతి ఒళ్ళో పెట్టాడు. కుర్చీని గోడ వైపు తిప్పేశాడు.

"అక్కా, మా తమ్ముడి కాలేజీ ప్రాజెక్టు. టిఫిన్ సెంటర్‌కి వెబ్‌సైట్. రెండు రోజుల్నుంచి లేవట్లేదంటున్నాడు. వాడి మాడ్యూలేదో కనబడట్లేదట."

"ఇప్పుడా? నీకు పిచ్చా?"

"నాకు రాలేదక్కా. నిజంగా. రాత్రంతా చూశాను."

అది అబద్ధమని ఆమెకి తెలుసు. ఎందుకిచ్చాడో కూడా తెలుసు. అయినా కళ్ళు వాటంతట అవే ఆఖరి వరసకి పోయాయి. ‘మెనూ అనే మాడ్యూల్ కనబడలేదు.’ అలవాటుగా కింది నుంచి పైకి చదివింది. ఫోల్డర్ తెరిచింది. మెనూ అక్కడ లేదు.

"వీడు ఫైలు ఎక్కడ పెట్టాడు?"

"ఏమో అక్కా."

వెతికింది. వీపు వెనకాల ఎవరో సోఫా జరిపారు. ఎవరో ఏదో గుసగుసలాడారు. ఆమె సర్వర్ ఏ ఫోల్డర్‌లోంచి మొదలవుతోందో చూసింది. అది సరిగానే ఉంది. దారులన్నీ వరసగా అచ్చు వేయించి చూసింది. అవీ సరిగానే ఉన్నాయి. ఇదేదో వింతగా ఉందే అనుకుంది. కనుబొమలు ముడిపడ్డాయి. నిటారుగా ఉన్న వీపు కుర్చీకి ఆనుకుంది.

"అరే... వీడు పైథాన్ రెండు చోట్ల ఎక్కించాడు. ఫైళ్ళన్నీ ఒకదానికి నేర్పి, సర్వర్‌ని ఇంకోదానితో నడుపుతున్నాడు. మెనూ డెస్క్‌టాప్ మీద ఉంది, పెసరట్టు ఫోటోల మధ్య! ఎవడ్రా వీడికి చదువు చెప్పింది?"

"నేనే అక్కా."

ఇందుమతి నవ్వింది. చిన్నగా, ముక్కులోంచి. మెనూని తెచ్చి దాని చోట పెట్టింది. సర్వర్ ఏ పైథాన్‌తో లేవాలో చెప్పే వరసని మార్చసాగింది.

డాక్టర్ ట్యాబ్ మీది గీత, గాలి ఆగిన నీళ్ళలా పరుచుకుంది. డాక్టర్ చెయ్యి ఎత్తి ఫణీంద్రకి సైగ చేసింది.

ఫణీంద్ర కొత్త సర్వర్‌ని లేపి, పాత సర్వర్ మీట నొక్కి ఆపాడు. రెండేళ్ళ తర్వాత దాని ఫ్యాన్లు ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దం ఇందుమతికి వినబడింది. అయితే ఆమె వేళ్ళు వరస మధ్యలో ఉన్నాయి. వరస మధ్యలో వదిలేసే అలవాటు ఆమెకి లేదు. వెనక్కి తిరగాలని మెడ లాగింది. తిరిగితే ఏమవుతుందో తెలుసు. ఫోల్డర్ పేరు, తర్వాత ఏటవాలు గీత, తర్వాత ఫైలు పేరు... ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని నడిచింది. వెనక నుంచి గౌరునాయుడి పీల్పు వినబడలేదు. ఇంకో అక్షరం. ఐసు కరిగి నేల మీద బొట్లు పడుతున్న చప్పుడు. ఇంకో అక్షరం. నీలమ్మ గాజులు గలగలమన్నాయి, ఒకసారి, రెండోసారి ఎక్కువగా. ఎవరో ఆమెను పట్టుకున్నట్టున్నారు. ఇందుమతి వరస పూర్తిచేసింది. నడిపింది. టిఫిన్ సెంటర్ లేచింది. ఇడ్లీ, వడ, పెసరట్టు.

గాజుల చప్పుడు ఆగింది.

ఆమె అలాగే పెసరట్టు ఫోటో వంక చూస్తూ కూర్చుంది. ఎవరూ ఏమీ చెప్పడం లేదు. చెప్పమని అడగకూడదు. ఫోటోలో అట్టు అంచు కొంచెం మాడింది. అల్లం చట్నీ గిన్నె వంకరగా ఉంది.

"ఇందూ," అన్నాడు గౌరునాయుడు. ఆ పేరు చెప్పి ఆగలేదు. మధ్యలో గాలి కోసం వెతుక్కోలేదు. "ఆకలేస్తోంది. ఆ అట్టు ఎక్కడిది?"

"ఆడికి ఊపిరొచ్చిందంటే ముందు తిండేనే," అంది నీలమ్మ నీరసంగా. నేల మీద కూర్చుని ఉంది, డాక్టర్ చేతిలో ఆమె చెయ్యి ఉంది. "నాకూ ఓటి సెప్పు."

*

సాయంత్రం డాక్టర్ భ్రమరాంబ తన గదిలో తలుపు దగ్గరగా వేసి, ఇందుమతిని కూర్చోమంది.

"నీ వాటా తగ్గించి చూశాను. రెండుసార్లు. తగ్గించగానే నీలమ్మ చెయ్యి అదిరింది. లేచేటప్పుడు ముందు నిన్ను పట్టుకుని లేచారు కదా. ఆ ఇద్దరి మెదళ్ళూ ఇప్పుడు నిన్ను వదలడం లేదు."

"ఎన్నాళ్ళు మేడమ్?"

"తెలియదు. నెలలు. అసలు వదలకపోవచ్చు కూడా. పట్టీ బదులు నీకూ చిప్ పెట్టాలి. సర్వర్ గురించి నీకు భయం లేదనుకో, ఇక కావలసినప్పుడు ఆపి లేపొచ్చు. కాని నువ్వు..." డాక్టర్ ట్యాబ్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది. "నువ్వు హడలిపోతే వాళ్ళకి తెలుస్తుంది. మామూలు కోపం, మామూలు ఏడుపు పరవాలేదు. పెద్ద భయం కూడదు. అది నీ ఒక్కదానిదీ కాదిక. సంతకం పెట్టమని నేను అడగను. ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించడానికి ఏముంది మేడమ్," అంది ఇందుమతి.

డాక్టర్ మందుల సీసా మూత ఊరికే తిప్పుతూ కూర్చుంది.

ముగ్గురూ ఒకే ఆటోలో ఇంటికి బయలుదేరారు. ఇందుమతి మధ్యలో కూర్చుంది, తలకి పట్టీ అలాగే ఉంది. జగదాంబ జంక్షన్ దగ్గర ఎదురుగా వస్తున్న సిటీ బస్సు ఒకటి లైను దాటి వాళ్ళ మీదికి ఒరిగింది. ఆటో డ్రైవర్ హ్యాండిల్ పక్కకి కోశాడు. ఇందుమతి హడలిపోయింది.

కుడివైపున గౌరునాయుడు ఒక్కసారి ఎగపీల్చాడు. ఎడమవైపున నీలమ్మ చెయ్యి ఆటో కమ్మీ మీద టకటకా కొట్టుకుంది. రెండు తలలూ ఒకేసారి ఆమె వైపు తిరిగాయి.

వాళ్ళ మొహాల్లో తన భయాన్నే చూసింది ఇందుమతి. వెంటనే కళ్ళు వాల్చేసి, ఒళ్ళో ఉన్న చేతుల్ని ఒకదానిలో ఒకటి బిగించింది. పోవాలి ఇది. ఇప్పుడే పోవాలి. ముందు ఇంకా ఎన్ని బస్సులున్నాయో. ఇవాళే కాదు, రేపూ ఉంటాయి. అతనికి జ్వరం వస్తుంది, ఈమె మెట్ల మీద జారుతుంది, తనకే ఏదో అవుతుంది. ఎప్పుడూ, దేనికీ...

"ఏం లేదు," అంది. "నాకేం కాలేదు."

"తెలస్తంది లే," అంది నీలమ్మ.

తన భుజం మీది కొంగు తీసి ఇందుమతి మొహం మీద కప్పింది. ఐసు, చేపలు, చెమట కలిసిన వాసన. దాని మీద నుంచి తన బరువైన అరచేతిని ఆమె కళ్ళ మీద ఆనించి, తలని తన భుజానికి లాక్కుంది.

"కళ్ళు ముయ్యి. రోడ్డు నాను సూస్తాను. ఒరే తమ్ముడూ, నువ్వటేపు సూడు. ఏటైనా వస్తే మనిద్దరం అరుద్దాం, ఈ గుంటకి సెప్పొద్దు."

ఆటో ముందుకి కదిలింది. కొంగు కింద చీకట్లో, ఇటుపక్కా అటుపక్కా రెండు ఊపిర్లు మెల్లిగా ఒకే వరసలోకి వస్తుంటే, ఇందుమతి తన ఊపిరిని కూడా వాటి వెంట వదిలింది.